ప్రిన్సిపాల్‌కి కట్టిన పెట్టె

ఆ చలికాలం మా ఇంట్లో వెచ్చగా బతికింది తొండ ఒక్కటే. మిగతా నలుగురం స్వెట్టర్ల మీద స్వెట్టర్లు తొడుక్కుని, రోజుకి రెండుసార్లు కరెంటు పోయినప్పుడల్లా ఒకే గదిలో దుప్పట్లు కప్పుకుని కూర్చునేవాళ్లం. నాకప్పుడు పదమూడేళ్లు. దావేటన్‌లో మాది మూడు గదుల ఇల్లు. నేను, అమ్మ, నాన్న, నాన్నని కన్న గోగో, అంటే నానమ్మ.

మా దేశంలో చలి జూన్‌లోనే మొదలవుతుంది. ఆ నెల మొదటివారంలో నాన్న దాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టి తెచ్చాడు. డబ్బా మూతకి మేకుతో పొడిచిన చిల్లులు. లోపల నా వేలంత తొండపిల్ల, గొంతు కింద ముళ్లముళ్లుగా చిన్న గడ్డం. మా బడి ప్రిన్సిపాల్‌కి కూడా అలాంటి గడ్డమే ఉండేది, అందుకని పేరు కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది.

"నీ మార్కులకి," అన్నాడు నాన్న. రెండేళ్లుగా కుక్కపిల్ల కావాలని పోరుతుంటే తొండ వచ్చింది. అయినా నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

గోగో కళ్లజోడు పెట్టుకుని డబ్బాలోకి తొంగి చూసి, వెంటనే వెనక్కి జరిగింది.

"ఏంట్రా భెకనీ ఇది?"

"తొండమ్మా. ఆస్ట్రేలియా జాతి."

"ఏ దేశందైతేనేంరా. మనుషులు చావరని చెప్పిరమ్మని దేవుడు పంపిన ఊసరవెల్లి దారిలో పళ్లు తింటూ కూర్చుంటే, ఇది పరిగెత్తుకొచ్చి మనుషులు చచ్చిపోతారని కబురు చెప్పేసింది. అంత తొందరేమొచ్చిందో దీనికి."

"ఇది ఆ వంశం కాదులేమ్మా. ఇది విమానంలో వచ్చింది."

అమ్మ నవ్వింది. అమ్మ ఆస్పత్రి లాండ్రీలో పనిచేసేది. సాయంత్రానికి చేతులు ఉడికిపోయి వచ్చేవి, నవ్వడం తక్కువ. "తినేదేంటి?" అని అడిగింది.

"కీచురాళ్లు."

"బతికున్నవా?"

"బతికున్నవే తందెకా. చచ్చినవి ముట్టుకోదు."

"నా వంటింట్లోకి మాత్రం తేకు."

ఆఖరికి గోగో తీర్పు చెప్పింది. దానికి తలుపున్న ఇల్లు కట్టాలి. అది ముందు గదిలో, తన కళ్లెదురుగా ఉండాలి. ఒక్కసారి నేల మీద కనిపించిందా, ఇక చీపురుదే పని. గోగో అన్నంత పనీ చేసే మనిషి. చీపురు తలుపు పక్కనే ఉంటుంది. అంచేత ప్రిన్సిపాల్ బతుకు ఆ పెట్టె మీదే ఆధారపడింది.

ఆ శనివారం నాన్నా నేనూ బెనోనీలో పాత సామాన్ల కొట్టుకి వెళ్లాం. అక్కడ చేపల తొట్టి ఒకటి నా మనసు లాగేసింది. నాలుగు వైపులా గాజు, లోపల నీలం గులకరాళ్లు. నాన్న దాన్ని చేత్తో కూడా తాకలేదు.

"గాజు తొట్టి వద్దు తల్లీ. నాలుగు వైపుల నుంచీ వేడి పోతుంది. పైగా పైనుంచి చెయ్యి పెట్టామనుకో, గద్ద వచ్చిందని హడలిపోతుంది. ముందు నుంచి తెరిచేదైతేనే మన చెయ్యి అలవాటవుతుంది."

"పోనీ, ఆ ప్లాస్టిక్ డబ్బా? మూతుంది."

"నాలుగు నెలల్లో దాన్లో తిరగలేదు. ఏడాదికి నీ మోచెయ్యంత అవుతుంది. ఒకేసారి పెద్దది కడదాం. లోపల దాక్కోడానికి చోట్లుంటే చిన్నది కూడా బెదరదు."

నాన్నది వంటింటి అల్మారాలు బిగించే పని. ఆయన బక్కీ బండి వెనక తొట్టిలో ఎప్పుడూ తెల్ల చెక్కల ముక్కలు మిగిలి ఉండేవి. వాటితోనే మూడు ఆదివారాలు పెరట్లో కూర్చుని పెట్టె కట్టాం. నాలుగడుగుల పొడవు, రెండడుగుల లోతు, రెండడుగుల ఎత్తు. ముందువైపు జరిపే గాజు తలుపులు రెండు. గాలికి ఒక పక్క కింద చిల్లు, ఇంకో పక్క పైన చిల్లు, రెంటికీ జాలీ. కుడి చివర వేడి దీపం, తొండ ఎక్కి ఒళ్లు కాల్చుకోకుండా దీపానికి తీగల బోను. ఎడమ చివర చల్లగా, ఒక పెంకు కింద చీకటిగా. ఎండకి బదులు ఇంకో పొడుగాటి దీపం, అది లేకపోతే ఎముకలు మెత్తబడతాయట. పక్కింటి పీచ్ చెట్టు కొమ్మని మరిగే నీళ్లతో కడిగి, దీపం కిందకి వాల్చి బిగించాం. రెండు చివర్లా రెండు థర్మామీటర్లు. అతుకులకి జిగురు పూశాక వారం రోజులు ఆరబెట్టాలన్నాడు, ఆ వాసన దాని ఊపిరికి పడదట. అప్పటిదాకా ప్రిన్సిపాల్ బట్టల డబ్బాలో, నా మంచం పక్కన, గోగోకి తెలియకుండా ఉంది.

ఎడారి బొమ్మలు చూసి చూసి నాకు అడుగున ఇసుక పోయాలని ఉండేది. అడిగాను.

"ఇసుకొద్దు," అన్నాడు నాన్న. "పిల్లప్పుడు పురుగుతోపాటు ఇసుకా మింగేస్తాయి. కడుపులో గట్టిపడిపోయి చస్తాయి." ఆ మాట అన్నాక కాసేపు మాట్లాడకుండా చెక్క అంచు నున్నగా రుద్దుతూ కూర్చున్నాడు. వంటింటి టైల్స్ ముక్కలు పరిచాం.

"ఇవన్నీ నీకెవరు చెప్పారు నాన్నా?"

"అల్మారాలు బిగించేవాడు పది ఇళ్లు చూస్తాడు కదా తల్లీ."

నాకు గర్వంగా అనిపించింది. ఇప్పటికీ ఒప్పుకోవాలి, నా బతుకులో అంత మంచి ఆదివారాలు మళ్లీ రాలేదు. స్క్రూలు నా నోట్లో, డ్రిల్లు ఆయన చేతిలో. ఏ మాట వచ్చినా ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

పెట్టె తయారైంది కానీ చలి మా చేతిలో లేదు, కరెంటు అంతకన్నా లేదు. ఊళ్లన్నిటినీ బ్లాకులుగా విడగొట్టి, ఏ బ్లాకుకి ఏ గంటలో కోత పెడతారో పట్టిక ఇచ్చేవారు. ఒక్కో కోత రెండున్నర గంటలు. మాది నాలుగో బ్లాకు. పట్టిక కాగితం ఫ్రిజ్‌కి అంటించి ఉండేది. దీపం ఆరితే పావుగంటలో పెట్టె చల్లబడేది. తిన్నది అరగాలంటే దాని ఒంటికి వేడి కావాలి, లేకపోతే కడుపులోనే కుళ్లిపోతుంది. అందుకని నాన్న ఒక పద్ధతి పెట్టాడు. కోతకి గంట ముందు రెండు ఇటుకలు పొయ్యి మీద కాల్చి, పాత స్వెట్టరులో చుట్టి, పెట్టెలో పీచ్ కొమ్మ కింద పెట్టాలి. పైన దుప్పటి కప్పాలి. మాది కరెంటు పొయ్యి. వీధిలో ఒక గుడిసె తగలబడ్డప్పటి నుంచీ గోగో కిరసనాయిలు పొయ్యిని గుమ్మం తొక్కనివ్వలేదు. కాబట్టి ముందే కాల్చుకోవాలి. కోత మొదలైతే ఇక చేసేదేం లేదు.

వారానికి మూడు రాత్రులు నాన్న పని మీద పైఊళ్లలో ఉండిపోయేవాడు. అక్కడి నుంచి కూడా ఫోన్ చేసి, "ఈవేళ కోత ఎన్నింటికో చూశావా? ఇటుకలు పెట్టావా?" అని అడిగేవాడు. నేను బడి నుంచి రావడం ఆలస్యమైన రోజుల్లో అమ్మ వచ్చీరాగానే ఇటుకలు పొయ్యి మీద పెట్టేది. తన స్వెట్టరు చేతులు రెండూ కత్తిరించి ఇటుకలకి గలేబుల్లా కుట్టింది కూడా. ఎందుకమ్మా అంటే, "చిరిగిపోయిందేలే," అంది. చిరిగిపోలేదు.

జూలై మధ్యలో ఒక మంగళవారం కోతల వేళలు మార్చారు. కొత్త పట్టిక అందింది కానీ నేనింకా చూడలేదు. నాలుగింటికి నాన్న ఫోన్ చేశాడు. ప్రిటోరియాలో ఉన్నానన్నాడు.

"ఈవేళ ఎనిమిదింటికి తల్లీ. అయిదింటికి తిండి పెట్టెయ్, ఏడింటికి ఇటుకలు పెట్టు."

అయిదింటికి ఏడు కీచురాళ్లు తినిపించాను. సరిగ్గా ఆరింటికి కరెంటు పోయింది. అమ్మకి ఆరోజు రాత్రి డ్యూటీ.

పొయ్యి చల్లగా ఉంది. ఇటుకలు వాకిట్లో ఉన్నాయి. అరగంటలో ప్రిన్సిపాల్ ఒళ్లు బొగ్గులా నల్లబడింది, కళ్లు మూతలు పడ్డాయి. పొట్ట మాత్రం ఉబ్బి ఉంది. దాన్ని తీసి చొక్కా లోపల నా పొట్టకి ఆనించుకుని కూర్చున్నాను. నా ఒంట్లోనే వేడి లేదు, దానికేం ఇస్తాను. ఏడుపొచ్చింది.

గోగో లేచింది. తన మంచం కింద నుంచి ఫ్లాస్కు తీసి, రాత్రి కాళ్లకి పెట్టుకునే రబ్బరు సంచీలో ఆ వేన్నీళ్లన్నీ పోసి నా ఒళ్లో పెట్టింది.

"ఇది చస్తే నా ఇంట్లో చస్తుంది. అదొకటీ నాకొద్దు," అని గొణిగింది.

ఎనిమిదిన్నరకి దీపం వెలిగింది. ఇంకో గంటకి అది తల ఎత్తింది. అప్పుడు ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి కొత్త పట్టిక చూశాను. నాలుగో బ్లాకుకి ఆరే. ఎనిమిది ఉన్నది పదకొండో బ్లాకుకి.

"పదకొండంటే ఏ ఊరు గోగో? క్వాథెమా అని రాశారు. నాన్న ప్రిటోరియాలో కదా ఉన్నాడు?"

గోగో సంచీలో నీళ్లు వంచుతోంది. "వరస తప్పి చూసుంటాడులే. పడుకో," అంది. నేనూ అంతే అనుకున్నాను.

శుక్రవారం నాన్న వచ్చాడు. జరిగింది చెబితే తల పట్టుకున్నాడు. పెట్టె వెనకాల ఇంకో పొర చెక్క బిగిద్దామని అప్పటికప్పుడే మొదలుపెట్టాడు. చేతుల నిండా జిగురు.

"జోద్వా, నా ఫోన్ తీసి ఈవేళ కోత ఎప్పుడో చూడు."

కోతల వేళలు చెప్పే యాప్ తెరిచాను. అందులో రెండు చోట్లు పెట్టుకుని ఉన్నాడు. పైన ఉన్నది చదివాను. "ఇల్లు, నాలుగు నుంచి ఆరున్నర."

"అది కాదు. కింద దావేటన్ అని ఉంటుంది చూడు. మనది అది," అన్నాడు తల ఎత్తకుండా, చెక్క అదిమి పట్టుకుని.

కింద చూశాను. దావేటన్, నాలుగో బ్లాకు, రాత్రి పది నుంచి పన్నెండున్నర. పైది మళ్లీ చూశాను. ఇల్లు, పదకొండో బ్లాకు. ఆ మాట ఆయనే టైపు చేసి పెట్టుకున్నాడు.

"పదింటికి నాన్నా," అన్నాను. ఫోన్ ఎక్కడ తీశానో అక్కడే పెట్టాను. ఆ జిగురు ఆరేదాకా చెక్కని ఇద్దరం అదిమి పట్టుకున్నాం, ఎప్పటిలాగే.

మర్నాడు నాన్న, అమ్మ బజారుకి వెళ్లాక గోగోని అడిగాను. ఎండలో కూర్చుని చిక్కుడు గింజలు వలుస్తోంది.

"గోగో, క్వాథెమాలో ఎవరున్నారు?"

చాట ఒళ్లోకి లాక్కుంది. ఆ తర్వాత గింజలు వలుస్తూనే చెప్పింది. ఒక ఆవిడ ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల ఉంది, పేరు ఫికీలె.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"పోయిన పెద్దలకి చూపించకపోతే పిల్ల జబ్బు పడుతుందే. తప్పు వాడిది, పిల్లదేం ఉంది? నేనే నటాల్‌లో మన సొంతూరికి తీసుకెళ్లి మేకని కోయించాను. దాని చేతికి తోలు కడియం నేనే కట్టాను."

నాకు గుర్తొచ్చింది. నాకు అయిదారేళ్లప్పుడు గోగో నటాల్‌లో తనకి అన్న వరసాయన ఎవరో చనిపోయాడని చెప్పి వెళ్లింది. చలిగా ఉంటుందని అమ్మ తన నల్ల శాలువా ఇచ్చి పంపింది. దారిలో తినడానికి రొట్టె కాల్చి మూటకట్టింది.

"ఆ తొండలు కూడా ఒకే రోజు రెండు కొన్నాడు," అంది గోగో. ఒకసారి మొదలుపెట్టాక దాచే ఓపిక లేనట్టుంది. "అంతకుముందు అక్కడ గాజు తొట్టిలో ఇసుక పోసి ఒకదాన్ని పెంచారు. అది చచ్చింది. ఆ పిల్ల వారం రోజులు అన్నం ముట్టలేదట. అందుకే ఈసారి చెక్కతో కట్టాడు. ముందు అక్కడ, తర్వాత ఇక్కడ."

నేను పెరట్లోంచి లోపలికొచ్చి పెట్టె ముందు కూర్చున్నాను. ఇసుక వద్దన్నాక నాన్న ఎందుకు మాట్లాడకుండా ఉండిపోయాడో తెలిసింది. గద్ద సంగతీ, జిగురు వాసన సంగతీ ఆయన ఏ ఇంట్లో నేర్చుకున్నాడో తెలిసింది. నాకు మంట పుట్టింది. ఇంకో పిల్ల ఉందన్నందుకు కూడా కాదేమో. నా ఆదివారాలన్నీ అప్పటికే ఒకసారి వాడేసినవి. ఆ పిల్లతో ఒకసారి నవ్వి, మళ్లీ వచ్చి నాతో నవ్వాడు. ప్రిన్సిపాల్ కొమ్మ మీద నోరు తెరిచి వేడి కాచుకుంటోంది. చీపురందుకుని గాజు పగలగొడదామనిపించింది. దాని కోసమే ఆగాను.

గోగో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"చూడు జోద్వా. మీ అమ్మకి చెప్పావంటే బట్టలు సర్దుకుంటుంది. నిన్నూ తీసుకుపోతుంది. వాళ్ల పుట్టిల్లు రాత్రంతా బస్సులో వెళ్లాలి, అక్కడ కరెంటే లేదు. ఈ పెట్టె రాదు. అది మూడు రోజులు బతకదు. నువ్వు నోరు మూసుకుంటే అది ఇక్కడే ఉంటుంది. నేల మీద తిరిగినా నేనేమీ అనను."

నేను నోరు మూసుకున్నాను. బెదిరించి ఒప్పించిందని చెప్పుకోవచ్చు, పదమూడేళ్లదాన్నని చెప్పుకోవచ్చు. చాలా ఏళ్లు అలాగే చెప్పుకున్నాను. నిజానికి నేను బేరం కుదుర్చుకున్నాను.

ఆగస్టులో గాలులు మొదలయ్యాయి. నాన్న ఇంటికొస్తే నేను సరిగ్గా మాట్లాడేదాన్ని కాదు. పెద్దదవుతోందిలే అనేవాడు. ఫోన్ చేసి ఇటుకల సంగతి అడిగితే, "అక్కడ కూడా పెట్టారా?" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చి ఆగేది. అమ్మ మాత్రం అంతకుముందు కన్నా తేలిగ్గా ఉండేది. ఒకరోజు నేను ఆలస్యంగా వచ్చేసరికి ఇటుకలకి గలేబులు తొడుగుతోంది.

"నీకొకటి చెప్పనా," అంది. "రెండేళ్లుగా మీ నాన్న మీద నాకేదో అనుమానం. ఏదని అడక్కు. నీ కోసం ఈ పెట్టెతో ఇంత అవస్థ పడుతుంటే చూసి, నాదే తప్పుబుద్ధి అనుకున్నా. ఇల్లంటే పట్టని మనిషి ఇంత చేస్తాడా?"

నా చేతిలో దుప్పటి ఉంది. ఆమె నా మొహంకేసి చూస్తోంది. ఒక్క మాట చాలు. "ఇటుక కాలుతుందమ్మా, నాకివ్వు," అన్నాను.

నెలాఖరు శనివారం అమ్మ డ్యూటీ నుంచి మధ్యాహ్నమే వచ్చేసింది. నాన్న పెట్టె గాజు తలుపులు ఊడదీసి తుడుస్తున్నాడు. నేను లోపల టైల్స్ కడుగుతున్నాను. ప్రిన్సిపాల్ నా భుజం మీద ఉంది. గోగో కుర్చీలో ఉంది. అమ్మ చేతిసంచీ కూడా కింద పెట్టలేదు.

"మా లాండ్రీలో క్వాథెమా ఆవిడ ఒకామె ఉంది," అంది. "పక్కింటి పిల్ల పుట్టినరోజని ఫోటోలు చూపించింది. వాటిలో నువ్వున్నావు. ఫికీలె ఎవరు భెకనీ?"

నాన్న తలుపు గోడకి జాగ్రత్తగా ఆనించాడు. గాజుకి మరక ఉందేమోనని చూశాడు.

"కూర్చో కోడలు పిల్లా," అంది గోగో.

"మీరు మాట్లాడకండి అత్తమ్మా." అమ్మ గొంతు పెరగలేదు. నాకేసి తిరిగి, "జోద్వా, నువ్వు బయటికెళ్లు తల్లీ. ఇది నీ చెవిన పడకూడదు," అంది.

నేను కదల్లేదు. లేచి వెళ్లిపోయి ఉంటే ఆమెకి తెలిసేది కాదేమో. నేను నేలకేసి చూస్తూ, ఏమిటని కూడా అడక్కుండా నిలబడ్డాను. అమ్మ నన్ను చూసింది, గోగోని చూసింది, మళ్లీ నన్ను చూసింది.

"నీకూ తెలుసా?"

"జూలై నుంచి," అన్నాను.

"నేను ఇటుకలు కాల్చిన రోజుల్లో కూడానా?"

"ఆ."

అమ్మ తల ఊపింది. మంచం మీద కూర్చుని బూట్లు విప్పుకుంది. నాన్న ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. తన తల్లికి తెలుసన్నాడు, ఎవరికీ అన్యాయం చేయలేదన్నాడు. అమ్మ ఆయన్ని వింటున్నట్టు కూడా అనిపించలేదు. నాన్న చేసింది ఆమె సగం ఊహించే ఉంది. నాది ఆమె ఊహించలేదు.

గోగో లెక్క తప్పింది. అమ్మ బట్టలు సర్దుకోలేదు. సర్దుకుంది నాన్న, అదీ సెప్టెంబరులో ఎండలు వచ్చాక. ఇల్లు అమ్మ పేరు మీదే ఉంది మరి. గోగో కొడుకుతో వెళ్లనంది, మా దగ్గరే ఉండి మా దగ్గరే కన్నుమూసింది. ప్రిన్సిపాల్ ఇంకో తొమ్మిదేళ్లు ఆ పెట్టెలోనే బతికింది. తర్వాతి చలికాలాల్లోనూ అమ్మ ఇటుకలు కాల్చింది, ఒక్కరోజు మరవలేదు. నాకు వేళకి అన్నం పెట్టింది, ఫీజులు కట్టింది, జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చుంది. ఆ జూలై గురించి ఒక్క మాట కూడా ఎప్పుడూ దెప్పలేదు.

నేను కాలేజీ చివరి ఏడాదిలో ఉండగా అమ్మకి ఆపరేషన్ అయింది. ఆస్పత్రిలో ఆరు రోజులుంది. నాకు తెలిసింది నెల తర్వాత, సెలవులకి వెళ్లినప్పుడు, పక్కింటావిడ నోటి వెంట. లోపలికి పరిగెత్తి, నాకెందుకు చెప్పలేదమ్మా అని అడిగాను.

అమ్మ కీచురాళ్ల డబ్బాలో క్యారట్ ముక్కలు వేస్తోంది. నిజంగానే ఆలోచించింది, జవాబు కోసం.

"నీకు చెప్పాలని తోచలేదు జోద్వా," అంది.